కన్వర్ట్ చేసిన కరుణమ్మ గారి గొంతు

మా చర్చి సంఘంలో పాటలు పాడే కరుణమ్మ గారికి గొంతు ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. అంతకుముందు పటమట స్టూడియోలో పాడిన ఒక్క పాట, ఆరు స్పీకర్లలో మోగే డీటీఎస్ డిస్కులో మిగిలింది. రేపు కంకిపాడు ప్రార్థన కూటంలో అది వినిపిస్తానని ఆమెకు మాటిచ్చాను. అక్కడి ప్లేయరు డీటీఎస్ చదవదంటే పోయిన వారం సీడీల షాపులో డాల్బీ అనే ఇంకో పద్ధతిలోకి మార్పించాను. స్వరం మసకబారింది. ఈలోగా అసలు డిస్కు గీతలు పడి పనికిరాకుండా పోయింది. స్టూడియో ఎప్పుడో ఎత్తేశారు.

ఈ రోజు మళ్లీ షాపుకు పరుగెత్తాను.

"దీన్ని తిరిగి డీటీఎస్‌లోకి కన్వర్ట్ చెయ్యవయ్యా. మునుపటి గొంతు వచ్చేస్తుంది, డీటీఎస్ చదివే ప్లేయరు నేనే తీసుకెళ్తాను," అన్నాను.

"రాదండీ. ఒకసారి కోసేసిన శబ్దం పోయినట్టే. కన్వర్ట్ చేసినప్పుడల్లా ఇంకాస్త పోద్ది. ఫైలు మాత్రం లావెక్కుద్ది."

"కన్వర్ట్ అయితే బాగుపడాలి గానీ చెడటమేంటయ్యా?"

"అది మనుషులకండీ, బ్రదర్ గారూ. దీనికి ఆ వాక్యం వర్తించదు."

అయినా పట్టుబట్టి చేయించాను. ఆరు స్పీకర్లలోనూ వాయిద్యాలు మోగుతున్నాయి. మధ్య స్పీకరులో ఆమె నీళ్లలో మునిగి పాడుతున్నట్టుంది. దయ్యాన్ని గద్దించినట్టు ఆ స్పీకరును గద్దించాను. షాపువాడు నవ్వు ఆపుకున్నాడు. బైబిలు చంకలో పెట్టుకుని బయటికొచ్చి, మీ అందరికీ ఇది రాస్తున్నాను.

స్టూడియో రోజుల్లో ఆ పాటను మీలో ఎవరైనా క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నారా? అరిగిపోయినదైనా సరే, ఈ రాత్రికే చెప్పండి. రేపు తన గొంతు తాను వినడానికి కరుణమ్మ గారు ముందు వరుసలో కూర్చుంటారు.