అక్కడ లేనివాళ్ల వకీలు

అదే చెబుతున్నా, మీరు మా టీకొట్లో కూర్చుని, ఒక్కసారి లేచి చేతులు కడుక్కుని వచ్చేలోపు హీరాకాజి మీ తరఫున వాదన మొదలుపెట్టేసి ఉంటాడు. మీరెవరో తెలియకపోయినా సరే. అక్కడ లేనివాళ్ల పక్షం మాట్లాడటం అతని జబ్బు.

ఇంద్రచోక్ సందులో టోపీలు కుడతాడు. తన కొట్లో కంటే నా కొట్లోనే ఎక్కువ కూర్చుంటాడు. మా దేశంలో దించేసిన రాజు మళ్లీ రావాలనేవాళ్లు లేచి వెళ్లారా, హీరాకాజి అంతటి రాజభక్తుడు లేడు. రాజు వద్దనేవాళ్లు వెళ్లారా, సింహాసనాన్ని పాత ఇనప సామాన్లవాడికి వేసేయమంటాడు. ఒకసారి నా పిండిబస్తా కొరికిందని అందరూ ఎలకను తిట్టారు. ఎలక అక్కడ లేదు కదా. దాని సంసారం, పిల్లల ఆకలి చెప్పి చెప్పి చివరికి నాచేతే అయ్యోపాపం అనిపించాడు.

ఘనశ్యామ్ బాజేకీ మక్బూల్ మియాకీ నా కళ్లముందే చెడింది. బాజే పురోహితుడు. మక్బూల్‌ది ఎదురుగా పూసల కొట్టు. ఈ ఊళ్లో పెళ్లికూతుళ్ల మెళ్లో పడే పచ్చపూసల దండలు గుచ్చేది తరతరాలుగా వాళ్లవాళ్లే. ఇద్దరూ రోజూ వాదించుకునేవాళ్లే. ఆవేళ మాత్రం బాజే, రాజు రావాలి, దేశం మళ్లీ హిందూదేశం కావాలి, మిగతావాళ్లు సర్దుకుని ఉండాలి అనేశాడు.

"సర్దుకోడానికి నేనేమన్నా నిన్న బస్సు దిగానా బాజే?" అని మక్బూల్ గ్లాసు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. చూస్తే బాజే కూతురి పెళ్లి దగ్గరపడింది. పూసలు ఎక్కడ కొంటున్నావని అడిగితే మాట మారుస్తాడు. టీ కూడా సగంలో వదిలేస్తున్నాడు.

ఇక హీరాకాజికి పండగే. ఇక్కడ బాజేతో మక్బూల్ తరఫున, పూసల కొట్లో మక్బూల్‌తో బాజే తరఫున. రెండుచోట్లా అతనే గెలుస్తున్నాడు. వాళ్లిద్దరూ మాత్రం కదిలితే ఒట్టు.

అలాంటివాడు నిన్న ఓడిపోయాడు. బాజే పాత పాటే పాడితే తల వంచుకుని, "నిజమే బాజే. మక్బూల్ దగ్గర దీనికి జవాబు లేదు" అన్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. గెలిచిన బాజే మొహంలోనూ కళ లేదు.

ఇవాళ పొద్దున బాజే వచ్చి కూర్చునేసరికి పాలు అయిపోతే క్యాన్ ఇచ్చి హీరాకాజిని పంపాను. పాలు రాలేదు, మక్బూల్ వచ్చాడు.

"నా తరఫున ఓడిపోయాడట. ఇప్పుడే నా కొట్టు దగ్గరికి వచ్చి చెప్పిపోయాడు. నా ఓటమి ఒప్పుకోడానికి వాడెవడు?"

"జవాబుంటే నువ్వే చెప్పు మరి" అంటూ బాజే బల్లమీద జరిగి చోటిచ్చాడు.

మక్బూల్ జేబులోంచి పచ్చపూసల దండ తీసి పెట్టాడు. "నీ పిల్లకి. ఇన్నాళ్లూ నేను గుచ్చిన దండతో మీ పెళ్లిళ్లు హిందూ పెళ్లిళ్లు కాకుండా పోయాయా? దేశమూ అంతే."

బాజే దండను వేళ్లమధ్య తిప్పి తిప్పి చూశాడు. "ముడి గట్టిగానే వేశావు. అయినా రాజు రావాల్సిందే."

"రానీ. మనతో సర్దుకుని ఉండమను."

బాజేకి నవ్వాగలేదు. మళ్లీ మొదలైంది వాదన. మధ్యలో టీ అడిగారు. నాకు ఒళ్లు మండింది. పాలకు పోయినవాడు ఎక్కడ ఎవరి తరఫున నోరు పారేసుకుంటున్నాడో, ఉత్త పనికిమాలినవాడని తిట్టాను.

"అంత మాటనకు దీదీ" అన్నాడు బాజే. "గేదె తన్నిందేమో, పాపం."

"సందులో ఏదో ఊరేగింపు అడ్డొచ్చి ఉంటుంది" అన్నాడు మక్బూల్.

హీరాకాజి తరఫున వాళ్లిద్దరూ వంతులేసుకుని వాదిస్తుంటే, పాలు లేని టీయే పోసిచ్చాను. క్యాన్ ఇంకా రాలేదు.