గాలికి పోయిన ‘క’

తను పనిచేసే కుట్టుమిషన్ల కంపెనీ మూతపడ్డాక ఆమె ఇంటి వెనక గదిలో పళ్ళపొడి తయారీకి దిగింది. లవంగాలూ ఉప్పూ పొడి కొట్టి, జల్లించి, ఎర్ర డబ్బాల్లో నింపేది. ‘కాంతి’ అని పేరు కూడా పెట్టుకుంది. వీధి మాత్రం ఆమెకే పేరు పెట్టింది: పళ్ళపొడి వదిన.

సరుకు ఎక్కువగా పోయేది మూలమీది కొట్లోనే. అక్కడ ఇంకో కంపెనీ నల్ల డబ్బా ముందు వరసలో ఉండేది. నెలాఖరుకల్లా ఎర్ర డబ్బాలు కదలకపోతే ఆ అరలో సబ్బులు పెట్టుకుంటానని కొట్టాయన మెత్తగానే చెప్పాడు. ఆ అర పోతే మిగతా కొట్లవాళ్ళూ చేతులు దులుపుకుంటారని ఆమెకు తెలుసు.

మరిదికి మైకు కట్టిన ఆటో ఉంది. ప్రకటన తనే రాసుకున్నాడు: “నల్ల డబ్బా కొనకండి, కాంతి పళ్ళపొడి వాడండి.” వారమంతా సందుసందూ తిరిగాడు. వారం చివర కొట్టాయన కబురు పెడితే ఆమె వెళ్ళింది.

“మీ మరిది పుణ్యమా అని నల్ల డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయమ్మా. మళ్ళీ తెప్పిస్తున్నా.”

వేళాకోళమనుకుంది. ఆమె అక్కడుండగానే ఒకావిడ వచ్చి, ఆటోలో చెబుతున్న నల్ల డబ్బా ఇమ్మంది.

మర్నాడు మేడమీద నిలబడి చెవి ఒగ్గింది. ఆటో గుంతలో పడి లేచింది, వెనకెవడో హారన్ కొట్టాడు. పైకి చేరింది “నల్ల డబ్బా కొనండి” అన్నంత వరకే.

సాయంత్రం మరిదిని కూర్చోబెట్టింది.

“ఊరంతా తిరిగి పక్కవాడి సరుకు అమ్మిపెట్టావు నాయనా.”

“నేను కొనకండి అనే అన్నాను వదినా.”

“అన్నావు. ఆ ‘క’ మాత్రం ఆటో దిగలేదు.”

ఈసారి ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. సరిగ్గా వినబడినా బుర్రలోకి ముందు దూరేది నల్ల డబ్బాయేనని, మన నోటితో వాడి ఊసే వద్దని తేల్చేసింది. “ఎర్ర డబ్బా, కాంతి పళ్ళపొడి” అంటే చాలంది. రోజూ అదే వేళకు, అదే గొంతుతో, అవే సందుల్లో. ఇందులో పస లేదని మరిది గొణుక్కుంటూనే తిరిగాడు.

నెలాఖరుకు అర దక్కింది. అయితే కొట్లో ‘కాంతి’ అన్నవాళ్ళు లేరు. చిన్నాపెద్దా అంతా ఎర్ర డబ్బా అనే అడుగుతున్నారు. ఎంతో ఆలోచించి పెట్టుకున్న పేరు, మనసు చివుక్కుమంది.

కొత్త లేబుళ్ళకు వెళ్ళినప్పుడు ప్రెస్సాయన పాత అచ్చే వెయ్యమంటారా అని అడిగాడు.

“ఎర్ర డబ్బా అని పెద్దక్షరాల్లో వెయ్యండి. కాంతి కింద చిన్నగా ఉండనివ్వండి,” అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “కాంతిలో ‘క’ మాత్రం చెరిగిపోకుండా చూడండి.”