ముందు ఆమెకే చెప్పాలి

నా భార్య చనిపోయి నెల దాటింది. పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకోవడానికి వంగి, అలాగే కూలబడింది. మేడ్చల్‌లో ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఆవిడ ఎలాంటి మనిషో నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

శామీర్‌పేట దగ్గర మానసిక రోగుల ఆశ్రమంలో పద్నాలుగేళ్ళు నర్సుగా చేసింది. అక్కడ అందరినీ మంచం నంబరుతో పిలిచేవారు. ఆవిడ పేరుతో పిలిచేది. తాళంచెవి తన దగ్గరే ఉన్నా తలుపు తట్టి, జవాబు వచ్చాకే తెరిచేది. "లోపలున్నది మనిషి కదండీ" అనేది.

అక్కడి ఒకామె సంగతి రాస్తున్నాను. ఆమెను అడిగాను. "రాయుండ్రి సార్, పేరొద్దు" అంది.

స్కిజోఫ్రెనియా ముదిరిన రోజుల్లో ఆమె ఇల్లు వదిలి గండిమైసమ్మ చుట్టుపక్కల రోడ్ల మీద తిరిగింది. అప్పుడు ఆమెకు ఏం జరిగిందో ఎవరూ అడగలేదు. ఆశ్రమంలో చేరాక రక్తపరీక్షలో హెచ్ఐవీ బయటపడింది. జీడిమెట్లలో పనిచేసే అన్నకు చెప్పారు. ఆమెకు చెప్పలేదు. ఉన్న మాత్రలకు ఇంకో మాత్ర కలిపారు, అంతే. అదీ నిద్ర గోలీయే అనుకుని ఆమె నాలుక కింద దాచి, తర్వాత ఉమ్మేసేది. చిక్కిపోయింది. జ్వరాలు మొదలయ్యాయి.

స్నానాల గది మూలలో నా భార్యకు ఆ మాత్రలు కనిపించాయి. ఆమెను ఒక్క మాట అనలేదు. "మూడు నెలలు నేనూ చెప్పకుండానే చేతిలో పెట్టానండీ" అని ఇంటికొచ్చి బాధపడింది. డాక్టరుతో మాట్లాడి, ఆమె నెమ్మదిగా ఉన్న రోజు చూసి, పక్కన కూర్చుని అంతా చెప్పింది.

ఆ వారమే సంగతి తెలిసి ఆమె అన్న వచ్చాడు. నా భార్యను ఇంటికి తీసుకెళ్ళడానికి వెళ్ళిన నేను వరండాలోనే ఉన్నాను.

"పిచ్చిదానికి గదంత ఎందుకు జెప్పినవ్ సిస్టర్? ఊరంత సాటుతది. ఇంటికి తోల్కపోత. ఇగ గోలీల్లేవ్, ఏం లేవ్."

ఆవిడ గొంతు పెంచలేదు. "తీసుకెళ్ళాలో వద్దో ఆమెనే అడగండి. జబ్బు ఆమెది. ఏదైనా ముందు ఆమెకే చెప్పాలి."

ఆమె లోపలి నుంచి వచ్చింది. "నన్ను బతికిచ్చే గోలీని నేనే ఉమ్మేసుకున్న అన్నా. నీకు ఎర్కుండి గూడ జెప్పలే. నేను రాను." కాస్త ఆగి, "నిలవడ్డవేంది? కూసో. చాయ్ తాగి పో" అంది.

నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు. చాయ్ మాత్రం తాగాడు.

ఆమె మళ్ళీ మాత్ర మానలేదు. ఏడాది తిరిగేసరికి వైరస్ పరీక్షలో కనబడనంతగా తగ్గింది. చెవుల్లో గొంతులు ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తాయట. "అవి వద్దంటయ్ సార్. నేనే ఏసుకుంట."

పెద్దకర్మ నాడు ఆమె ఆశ్రమం వాళ్ళతో వచ్చింది. భోజనాలయ్యాక వంటింట్లోకి వచ్చి నీళ్ళడిగి, కొంగు ముడి విప్పి మాత్ర తీసింది. ఫ్రిజ్ మీద ఉన్న మాత్రల అట్ట చూసింది.

"గివి ఎవరియి సార్?"

"నావే. బీపీకి."

"మరి నిండుగున్నయేంది?"

ఆవిడ పోయినప్పటి నుంచి వేసుకోలేదు. 

ఆమె ఇంకో గ్లాసులో నీళ్ళు పోసి నా ముందు పెట్టింది. తన మాత్రను అరచేతిలో పట్టుకుని నిలబడింది. నేను వేసుకునేదాకా తను వేసుకోలేదు.