మామ్మ జుట్టు నల్లబడిన వైనం

ఇరవై ఏళ్ళ వయసులో మనిషికి తనకు తెలియనిదంటూ ఒకటుందని తోచదు. ఆ రోజుల్లో తెనాలిలో కుంచె పట్టుకుని తిరిగేవాడికి అసలే తోచదు. నేనప్పుడు మా మేనమామ దగ్గర బొమ్మలు వెయ్యడం నేర్చుకుంటున్నాను. నేర్చుకోవడం అయిపోయిందని నా నమ్మకం, ఇంకా మొదలే కాలేదని ఆయన నమ్మకం. రేపల్లె బియ్యం మిల్లులో గుమాస్తా ఉద్యోగం నా కోసమే కాచుకుని ఉందని మా నాన్న నమ్మకం. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. నేను సొంతంగా ఒక బొమ్మ వేసి, వేయించుకున్నవాళ్ళ చేత బాగుందనిపించుకోవాలి. లేకపోతే నోరెత్తకుండా మిల్లుకెళ్ళాలి.

నిజాంపట్నంలో పడవల ఆసామి ఒకాయన తన తల్లి బొమ్మ నూనె రంగుల్లో కావాలన్నాడు. మామ్మకు డెబ్బై దాటాయి. ముగ్గుబుట్టలాంటి తల, తెల్లచీర, ఒక్కటీ ఊడని పళ్ళు. అంటే బొమ్మలో సగం తెలుపే. "ఒరేయ్, సముద్రం ఒడ్డు ఇల్లది. జింకు తెలుపు వాడు. సీసం తెలుపు జోలికి పోమాక" అన్నాడు మామయ్య. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. జింకు తెలుపు మూడు పూతలు వెయ్యాలి. సీసం తెలుపు వెన్నలా జారుతుంది, ఒక్క పూతకే అన్నిటినీ కప్పేస్తుంది. పైగా సీసం విషమనీ, కుంచె నోట్లో పెట్టొద్దనీ, చెయ్యి కడక్కుండా అన్నం ముట్టొద్దనీ ఆయన రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. ఇదీ ఆ బాపతేననుకున్నాను. (కుంచె మొనను నాలికతో సన్నం చేసుకునే అలవాటు నాకుండేది. అప్పుడప్పుడూ వచ్చే కడుపునొప్పిని అత్తయ్య గోంగూర మీదకు నెట్టేవాణ్ణి. ఆవిడకు ఇప్పుడు క్షమాపణలు.) నూనె పొదుపుగా కలిపి, వార్నిష్ కూడా వెయ్యకుండా, సీసం తెలుపుతోనే పని ముగించాను.

రెండు నెలలకు ఆసామి దగ్గర్నుంచి కబురొచ్చింది. వెళ్ళి చూస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. బొమ్మలో మామ్మ జుట్టు నిగనిగలాడే నలుపు. చీర బొగ్గుల బస్తా, పళ్ళు సీతాఫలం గింజలు. "ఏంటయ్యా ఇది? వీధిలోవాళ్ళు దిష్టిబొమ్మంటున్నారు! ఆదివారంలోపు బాగుచెయ్యకపోతే మీ మామ కొట్టు ముందు పడేసిపోతా" అన్నాడాయన. కిటికీ అవతల దిబ్బ మీద ఎండే చేపల కంపుకు నాకు కళ్ళు తిరుగుతున్నాయి. మిల్లు గంట కూడా వినిపిస్తున్నట్టనిపించింది.

తెనాలి తిరిగొచ్చి, మామయ్యకు చెప్పే ధైర్యం లేక, బాపట్లలో బీయస్సీ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన ఆయన కూతురికి చెప్పుకున్నాను. కడుపు పట్టుకుని నవ్వింది. "చేపల కుళ్ళులో ఒక గ్యాసుంటుంది బావా. అది సీసాన్ని పట్టుకుంటే నల్లబడుద్ది. జింకైతే ఏమీ కాదు."

"మళ్ళీ తెల్లబడే దారి చెప్పవే, నీకు పుణ్యముంటుంది."

"చెవిలో పోస్తే బుసబుసా పొంగే మందు లేదూ, హైడ్రోజన్ పెరాక్సైడ్? దూదితో అద్ది చూడు." (తర్వాత ఆవిడే నా భార్య అయింది. ఈ కథలో తెలివంతా తనదేనని రాయమని పక్కనే కూర్చుంది.)

ఆదివారం మందుసీసాతో వెళ్ళి చీర మీద అద్దాను. నెమ్మదిగా తెల్లబడింది. పళ్ళూ తేటపడ్డాయి. ఆసామి నోరు తెరిచి చూస్తున్నాడు. దూది తల దగ్గరకు తీసుకెళ్ళేసరికి వెనక మంచం మీంచి మామ్మ గొంతు వినిపించింది.

"ఆగు బాబూ, జుట్టు జోలికి పోమాక."

"ఈ వయసులో నల్లజుట్టేంటమ్మా? జనం నవ్వరూ?" అన్నాడు కొడుకు.

"నవ్వితే నవ్వనీరా. మీ నాన్న సముద్రం మీద పోయేనాటికి నాకు ముప్పయ్యేళ్ళు. ఆయన ఎరిగిన తల ఇదే. ఈ తెల్లబుర్ర చూస్తే ఎవరో ముసల్దనుకుంటాడు."

కొడుకు కిటికీ వైపు తిరిగిపోయాడు. నేను దూది కింద పెట్టేశాను. అయినా మిల్లు గుర్తొచ్చి, కక్కుర్తిగా అడిగాను. "బొమ్మ బాగుందా మామ్మా?"

"ఇప్పుడు బాగుందయ్యా" అంది, బొమ్మలో తన జుట్టునే చూసుకుంటూ.

ఆ సాయంత్రమే నాన్నకు కార్డు రాశాను, బొమ్మ బాగుందన్నారని. నేను వేసిన భాగం కాదు, చేపల కంపు వేసిన భాగం బాగుందన్నారని మాత్రం రాయలేదు. ఆయనకు కడదాకా తెలియదు.