పులి రైలుకు బావ గొంతు

కోరుట్లలో ఎగ్జిబిషన్ వేసిన ఏడాది చాచా నన్ను జగిత్యాల నుంచి పిలిపించాడు. నాది మైక్‌సెట్ల దుకాణం. పెళ్లిళ్లకు, సభలకు, తెలంగాణ ఉద్యమం మొదలయ్యాక ధర్నాలకు స్పీకర్లు కట్టేవాణ్ని. అందరం చాచా అని పిలిచే ఆయన జాతరల్లో జెయింట్ వీల్ తిప్పుతూ ముసలివాడైన మనిషి. ఆ ఏడు ఎక్కడినుంచో పాత డ్రాగన్ రైలు ఒకటి తెచ్చాడు. పెద్ద పార్కుల్లో ఉండే రోలర్ కోస్టర్ ముందు అది ఏపాటిది! ఆరు పెట్టెలు, ఒక ఎత్తు, ఒక దిగుడు, దిగుడు కింద రేకుల సొరంగం, రెండు మలుపులు.

"ఒక్కసారి ఎక్కినోళ్లు మల్ల ఎక్కుతలేరు బేటా," అన్నాడు చాచా. "భయమైతలేదు, సంబురమైతలేదు. ఏమన్న చెయ్."

నాలుగుసార్లు ఎక్కి చూశాను. మొదటినుంచి చివరిదాకా ఒకటే సినిమా పాట హోరెత్తుతోంది. రైలు ఎక్కుతున్నా, పడుతున్నా పాటకు పట్టింపు లేదు. ఇక ఆ డ్రాగన్ మొహం ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. మేకా, మొసలా అని పిల్లలు అడుగుతున్నారు.

"పులిని చేద్దాం చాచా," అన్నాను. "పీరీల పండుగ పులి."

పులి అనగానే నాకు మా బావ గుర్తొచ్చాడు. మా అక్క భర్త. సిరిసిల్లలో సాంచ నడిపేవాడు, మరమగ్గాన్ని అక్కడ అట్లాగే అంటారు. ఏటా పీరీల పండుగకు ఒళ్లంతా పసుపుపచ్చ రంగు, నల్లచారలు పూసుకుని డప్పుకు పులి ఆట ఆడేవాడు. ఉద్యమ పాటల బృందంలోనూ ఉండేవాడు కానీ ఎప్పుడూ వెనక వరుసే. ముందుకు రమ్మంటే సిగ్గుపడేవాడు.

బంద్ వల్ల సాంచలు ఆగి ఉండటంతో రెండు రోజులకని కోరుట్ల వచ్చాడు. డ్రాగన్ కొమ్ములు కోయించి చెవులు అతికించాం. రంగులు తనే వేశాడు. రైలు ఎత్తుకు ఎక్కేటప్పుడు కింద గొలుసు టకటకమంటుంది. నేను కళ్లు మూసుకుని కూర్చుని ఆ టకటకలు లెక్కపెట్టుకున్నాను. డప్పు ఆ వరుసకే నెమ్మదిగా మొదలై ముదరాలి. పైకి చేరగానే అంతా ఆగిపోవాలి. ఒక్క ఊపిరి తీసేంత నిశ్శబ్దం. రైలు పడి సొరంగంలోకి దూసుకెళ్లగానే పులి గాండ్రించాలి.

మధ్యాహ్నం ఖాళీ గంగాళంలో మైకు దించి, బావను అందులోకి తల వంచి గాండ్రించమన్నాను. మొదటిసారి దగ్గొచ్చింది. రెండోసారి నవ్వొచ్చింది. మూడోసారి గాండ్రింపుకు పక్క దుకాణాల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. బావ తలెత్తి, చెమట తుడుచుకుంటూ, "సరిపోతదా బామ్మర్ది?" అన్నాడు. ఆ మాట కూడా రికార్డయింది. చివర కత్తిరించకుండా వదిలేశాను. రైలు ఆగేటప్పుడు అదీ వినబడేది. జనం విరగబడి నవ్వేవారు.

కోరుట్లలో మూడు వారాలు ఆ రైలు దగ్గర వరుస తరగలేదు. ఎత్తు ఎక్కుతూ జనం జై తెలంగాణ అని అరిచేవారు. పులి గొంతు తర్వాత నినాదం కూడా పెట్టమని కొందరు అడిగారు. బావ ఒప్పుకోలేదు.

"ఆటల ఆట ఉండనియ్యుండ్రి. నినాదం నేను రోడ్డు మీద ఇస్త," అన్నాడు.

తర్వాత ఎగ్జిబిషన్ జగిత్యాలకు మారింది. సమ్మెలు, రాస్తారోకోలు ఎక్కువయ్యాయి. రైలు మైదానంలో టార్పాలిన్ కింద వానకు తడుస్తూ పడి ఉంది. సిరిసిల్లలో ఇంకా ఎక్కువ సాంచలు ఆగిపోయాయి. బావ ఫోన్‌లో మాట్లాడటం తగ్గించాడు. చివరిసారి నేనే చేశాను.

"తెలంగాణ అస్తదంటవా?" అని అడిగాడు.

"అస్తది బావా. ఎందుకు రాదు?"

"అచ్చేదాంక మనం ఉండాలె గద," అన్నాడు. నేను నవ్వి, స్పీకర్లు తడుస్తున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నాలుగో రోజు కబురొచ్చింది. బావ ప్రాణం తీసుకున్నాడు. ఉద్యమం వాళ్లు అమరుడని ఫ్లెక్సీ కట్టారు. వాడకట్టు వాళ్లు పని లేక పోయాడన్నారు. అక్కను రెండు వైపులవాళ్లూ అడిగారు. అక్క ఎవరికీ జవాబు చెప్పలేదు. నాకూ ఈ రోజుకీ తెలియదు.

నెల తర్వాత జగిత్యాల మైదానం తెరిచారు. సాయంత్రం మొదటి రైలు పైకెక్కింది. డప్పు ఆగింది. సొరంగంలోంచి బావ గాండ్రించాడు. జనం కేకలు పెట్టి నవ్వారు. రైలు ఆగుతుంటే, "సరిపోతదా బామ్మర్ది?" అని వినబడింది.

నేను యంత్రం ఆపేశాను. చాచా వస్తున్నా చూడకుండా ఆ రికార్డింగ్ చెరిపేశాను. దుకాణానికి వెళ్లి కంప్యూటర్లో ఉన్నదీ చెరిపేశాను. బావ చావును టికెట్టుకు అమ్ముతున్నానన్న ఊహ తప్ప నా తలలో ఇంకేమీ లేదు. చాచా మళ్లీ పాత సినిమా పాట పెట్టించాడు.

ఎగ్జిబిషన్ సిరిసిల్లకు వెళ్లేసరికి ఎండాకాలం వచ్చింది. ఒక సాయంత్రం అక్క తన బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. బావ పోయాక ఆమె ఇంటి గడప దాటడం అదే మొదటిసారి. నేను వద్దంటున్నా వినకుండా టికెట్లు కొని ముందు పెట్టెలో కూర్చుంది. రైలు ఎక్కింది, పడింది, సొరంగంలో దూరి బయటికొచ్చింది. సినిమా పాట మోగుతూనే ఉంది. అందరూ దిగినా అక్క దిగలేదు.

"తమ్మీ, గీ పాట ఏంది? మీ బావది పెట్టు."

నేను వంగి స్పీకర్ వైరు సర్దాను.

"పోరి నాయిన గొంతు మర్సిపోతుందే. ఎట్లుండెనమ్మా అని అడుగుతుంది. నేనెట్ల చెప్పాలె? గందుకే తోల్కచ్చిన. పెట్టు తమ్మీ."

"లేదక్కా. తీసేసిన."

"దుకాన్ల ఉన్నదా?"

"ఆడ గూడ లేదు."

అక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కూతురి చెయ్యి పట్టుకుని దిగి, "నన్ను ఒక్కమాట అడిగితే అయిపోతుండె గద తమ్మీ," అని మాత్రం అంది. చాచా ఎదురెళ్లి ఏదో చెప్పబోయాడు. ఆమె ఆగకుండా గేటు దాటింది.

బావ ఎక్కడ పాడినా వెనక వరుసే కదా. ఆయన గొంతు ఎక్కడైనా రికార్డయి ఉందా అని బృందం వాళ్లందరినీ అడిగాను. వీర్నపల్లి నుంచి ఒకాయన తన సెల్‌ఫోన్‌లో సభ వీడియో ఉందన్నాడు. వెళ్లి తెచ్చుకున్నాను. ముప్పై మంది కలిసి పాడుతున్నారు. బావ చివరన నిలబడి ఉన్నాడు, పెదవులు కదులుతున్నాయి. ఎంత పెంచి విన్నా ఆయన గొంతు విడిగా దొరకలేదు. నా దగ్గరున్న యంత్రాలన్నీ వాడి చూశాను.

తెలంగాణ వచ్చింది. రాష్ట్రం ప్రకటించిన రోజు సిరిసిల్ల వీధుల్లో పటాకులు కాల్చి, రంగులు చల్లుకున్నారు. నేను ఆ వీడియో పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. తల్లీకూతుళ్లు గోడకానుకుని చూశారు. పాట అయిపోయాక మేనకోడలు తలెత్తి, "మామా, ఇందుల నాయిన గొంతు ఏది?" అని అడిగింది. అక్క కిటికీ వైపు తిరిగింది. నేను తెర మీద బావ మొహం దగ్గర వేలు పెట్టి, తెలియదు అన్నాను.