సముద్రం ఒడ్డున కొళాయి నీళ్ళ స్నానం

“సముద్రమంటే ఏంది, మన పెరట్లో తొట్టి అనుకున్నావా, తలుచుకున్నప్పుడల్లా దిగేదానికి? మంగళారం పూట దాన్ని నేను తాకను,” అంది అవ్వ.

“మంగళారం తాకకపోతే ఇంక ఏ వారమూ తాకే పని ఉండదు. ఆడ గోడ లేస్తాది. అప్పుడు యాడికి పోతావో పో,” అన్నాడు నాయన.

“సముద్రానికి గోడ కట్టేవాడు ఎవడురా?”

“సముద్రానికి కాదమ్మా, నీకు.”

ఆ రోజుల్లో మా పుదుచ్చేరి ఎవరి ఊరో మాకే సరిగ్గా తెలిసేది కాదు. ఫ్రెంచి దొరలు ఓడలెక్కారు, జెండా మారింది, కానీ కాగితాలు ఇంకా వాళ్ళ భాషలోనే నడిచేవి. పాత గుమాస్తాలు కొత్త అధికారుల కుర్చీలు తుడుస్తూ, పాత దొరలకు చేసిన దణ్ణమే కొత్తవాళ్ళకు చేయాలా, లేక కొంచెం వంగడం తగ్గించవచ్చా అని ఆలోచించేవారు. ఇల్లు చేతులు మారితే కొత్తగా వచ్చినవాళ్ళు ముందు వంటిల్లు ఎటు తిప్పాలా అని చూస్తారు కదా, అట్లాగే వచ్చిన ప్రతి అధికారికీ ఊరి భవిష్యత్తు మీదికి మనసు పోయింది. సంత ఎక్కడ ఉండాలి, బండ్లు ఎటు తిరగాలి అన్నవి అయిపోయాక, ఆఖరికి సముద్రపు ఒడ్డు ఎట్లా ఉండాలి అనేదాకా వచ్చారు. (అంతవరకూ ఆ సంగతి సముద్రమే చూసుకునేది.)

మాది తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. విల్లియనూరు దగ్గర కొంచెం పొలం, ఊళ్ళో పెంకుటిల్లు, ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నన్ను కన్యాస్త్రీల బడికి కొద్దికాలం పంపి, ఇంక చాల్లే అని మాన్పించారు. (తెలుగు అక్షరాలు నాకు పెళ్ళయ్యాక యానాం నుంచి వచ్చిన తోడికోడలు నేర్పింది, చించిన క్యాలెండరు కాగితాల వెనకవైపు. మంచి కాగితం పాడుచేయడం ఎందుకు?) కానీ ఆ కొద్దిపాటి బడి చదువుకే నాకు ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలుసన్న నమ్మకం గట్టిగా కుదిరింది. పదిహేనో పదహారో ఉంటాయి అప్పుడు నాకు. ఇప్పుడు నన్ను చూసి మనవలు జంకుతారు గానీ, ఆ వయసులో నన్ను చూసి మా వీధి పెద్దవాళ్ళే జంకేవారు.

నాయన ఊరి పనులు చూసే ఆఫీసులో గుమాస్తా. ఒడ్డు కోసం గీసిన కొత్త పటాన్ని కళ్ళారా చూసి వచ్చింది ఆయనే. అందులో ఒడ్డు పొడవునా షికారు చేసేవాళ్ళకు పచ్చరంగు వేశారట, మధ్యలో నీలంగా నలుపలకల ఈతకొలను, దానికి టిక్కెట్టు కిటికీ, బట్టలు మార్చుకునే గదులు. మా ఆడవాళ్ళు అమావాస్యకూ గ్రహణానికీ మునిగే చోట మాత్రం ఒక గీత. ఆ గీత గోడ. సముద్రంలోనే మునగాలి అనేవాళ్ళు వీరాంపట్టినం పోవచ్చునట. పటం మీద వీరాంపట్టినం వేలెడు దూరమే. అవ్వ మోకాళ్ళకు అది కాశీతో సమానం.

అవ్వకు ఆ చోటే ఎందుకంటే, మా తాత అస్థికలు కలిపింది అక్కడే. ప్రతి అమావాస్యకూ నడుందాకా దిగి, మూడు మునకలు వేసి, ఇంట్లో సంగతులన్నీ నీళ్ళకు చెప్పి వచ్చేది. ఆవు ఈనింది, నీ కొడుకు మాట వినడం లేదు, పిల్ల నోరు పెరిగింది (అది నేను), చింతపండు ధర మండిపోతాంది. తాత బతికున్నప్పుడు ఇన్ని మాటలు ఓపిగ్గా విన్నాడని నేను అనుకోను. పోయాక వేరే దారి లేక వినేవాడు. ఆ చోటు పోతే అవ్వ ఎక్కడికి పోయి చెప్పుకోవాలి? టిక్కెట్టు కొని కొలనులో దిగి చెప్పుకుంటుందా?

పటం గీసింది మద్రాసు నుంచి వచ్చిన కొత్త ఇంజినీరు. మేము ఆయనకు గొడుగు ఇంజినీరు అని పేరు పెట్టాం. ఇసుకలో పెద్ద గొడుగు పాతించి, కుర్చీ వేయించి, కళ్ళజోడు తుడుచుకుంటూ ఒడ్డుకు ఎవరు వస్తారు, ఏం చేస్తారు అని రోజూ పొద్దున చూసేవాడు. చెడ్డవాడు కాదు పాపం. నిజంగానే జనానికి ఏం కావాలో తెలుసుకోవాలని వచ్చినవాడు. కానీ ఆయన చూసినన్నాళ్ళూ సముద్రంలో ఒక్క ఆడమనిషి దిగలేదు. ఎట్లా దిగుతారు? పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదు. దూరాన్నుంచి చూసి దణ్ణం పెట్టుకుని రావాలి. అందులోనూ మంగళ, శుక్రవారాలు అసలు పనికిరావు. మా వాళ్ళ దృష్టిలో సముద్రం పీటమీది దేవుడితో సమానం, ఊరికే పోయి ఒళ్ళు కడుక్కుంటారా?

నాయన ధైర్యం చేసి, అయ్యా, ఈ చూడడం మంగళవారంతో ముగించకండి, బుధవారం అమావాస్య, ఆ ఒక్కరోజు చూడండి అని అడిగాడట. దానికి ఆయన నెమ్మదిగా, పండగ రోజు చూస్తే ఏ ఊరూ అర్థం కాదు, మామూలు రోజు వచ్చేవాళ్ళ కోసమే ఏదైనా కట్టాలి అన్నాడట. మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే నాయన నోరు మూసుకుని ఇంటికి వచ్చి, ఆ కోపమంతా అవ్వ మీద చూపించాడు. మంగళవారం మీరంతా పోయి మునిగితే గోడ తప్పుతుంది అంటాడాయన. మంగళవారం మునిగితే మీ నాయన మొహం ఎట్ల చూసేది అంటుంది ఆమె. (తాత మొహం ఆ నీళ్ళలో ఎట్లా చూసేదో నేను అడగలేదు. అప్పుడే నోరు పెరిగిందని పేరుంది.)

వీధి చివర పంచాంగం అయ్యవారిని పిలిపించారు. ఆయన పాపం ముందుకూ వెనక్కీ తిప్పి చూశాడు. మంగళవారం సముద్రస్నానానికి ఒక్క సాకైనా దొరకలేదు. గ్రహణమైనా లేదా అని అవ్వ అడిగితే, ముందే చెప్పి ఉంటే ఏర్పాటు చేసేవాణ్ణి అన్నంత బాధగా తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు నా తెలివి బయటికి వచ్చింది.

“సముద్రంలో దిగొద్దన్నారు. ఒడ్డున స్నానం చేయొద్దని ఎవరన్నారు?” అన్నాను.

అందరూ నా వైపు చూశారు. వీధి కొళాయి నీళ్ళు బిందెలతో మోసుకుపోయి, అలలకు దగ్గరగా ఇసుకలో కూర్చుని పోసుకుందాం. దూరాన గొడుగు కింద కూర్చున్నవాడికి తడిసిన ఆడవాళ్ళు కనిపిస్తారు, వెనక సముద్రం కనిపిస్తుంది. ఏ నీళ్ళలో తడిసిందీ ఆయనకెందుకు? శాస్త్రమూ నిలుస్తుంది, చోటూ నిలుస్తుంది. అయ్యవారు ఇందులో దోషం లేదని ఒప్పుకున్నాడు. నాయన మాత్రం నా మొహం చూసి, బడి మాన్పించి మంచి పని చేశాం అన్నాడు. అది పొగడ్తో తిట్టో అప్పుడు తేలలేదు.

మంగళవారం పొద్దున మా వీధి ఆడవాళ్ళందరూ నడుమున బిందెలతో బయలుదేరారు. ముందు నేను. అంత దూరం మోసుకొచ్చిన నీళ్ళు కదా, ఒక్కొక్కరికి రెండు చెంబులే, ముందు భుజాలు తడపండి, తల ఆఖర్న, ఒలకబోయొద్దు అని అందరికీ ఆజ్ఞలు జారీ చేశాను. ఎదురింటి అత్త మూడో చెంబు ముంచబోతే చెయ్యి పట్టుకున్నాను. “నా బిందె గదమ్మే ఇది,” అంది ఆమె. బిందె ఎవరిదైనా నీళ్ళు నీళ్ళే అన్నాను. ఇసుకలో వరసగా కూర్చుని, ఎదురుగా కనుచూపు మేర నీళ్ళు పెట్టుకుని, రెండేసి చెంబులతో ఒళ్ళు తడుపుకుంటున్న ఆడవాళ్ళను ఒక్కసారి ఊహించుకోండి. అప్పటికి నాకు అందులో నవ్వవలసింది ఏమీ కనిపించలేదు.

అంతా బాగానే జరుగుతుండగా ఒక పెద్ద అల వచ్చింది. మంగళవారం సముద్రం తగిలితే ఇంకేముంది? ఒక్కసారిగా అందరూ లేచి, బిందెలు చంకన పెట్టుకుని, చీరలు పైకి పట్టుకుని, కేకలు వేస్తూ వెనక్కి పరుగెత్తారు. మోకాళ్ళ నొప్పుల అవ్వ అందరికంటే ముందు. అల వెనక్కి పోయాక మళ్ళీ వచ్చి కూర్చున్నారు. మళ్ళీ అల, మళ్ళీ పరుగు. గొడుగు కింద ఇంజినీరు లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నెమ్మదిగా మా వైపు నడిచి వచ్చాడు. ఆయన అరవంలో అడిగాడు, అవ్వ తెలుగులో జవాబు చెప్పింది. (మా ఊళ్ళో ఆ రెండూ ఎదురెదురు అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నవే. ఎవరికీ ఇబ్బంది లేదు.)

“ఏమమ్మా, ఇంత సముద్రం ముందర పెట్టుకుని ఇంటినుంచి నీళ్ళు మోసుకొచ్చారే?”

“ఈ పొద్దు మంగళారం నాయనా. దాన్ని తాకకూడదు.”

“మరి ఎప్పుడు తాకుతారు?”

“రేపు.”

“రేపు నేను చూడడానికి రాను. ఈరోజుతో సరి.”

“నువ్వు రాకపోయినా అది యాడికీ పోదులే,” అంది అవ్వ, చెంబు బోర్లించి చివరి చుక్కలు నెత్తిన రాల్చుకుంటూ.

ఆయన ఆ మాట విన్నాడో లేదో తెలియదు. మధ్యాహ్నం నాయనను గదిలోకి పిలిచి చాలా సంతోషంగా, మీ ఆడవాళ్ళకు ఏం కావాలో ఇప్పుడు బాగా అర్థమైంది అన్నాడట. వాళ్ళకు సముద్రమంటే భయం, మంచినీళ్ళంటే ఇష్టం, ఇసుకలో కూర్చోవాలి, నలుగురి కంట పడకూడదు. అందుకని ఆడవాళ్ళకు వేరే మంచినీళ్ళ కొలను ఒకటి కొత్తగా గీశాడు, సరిగ్గా మేము మునిగే చోట. అలలు చూసి జడుసుకుంటారని సముద్రం వైపు గోడ ఇంకొంచెం ఎత్తు పెంచాడు.

సాయంత్రం నాయన వచ్చి ఇది చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఎదురింటి అత్త మాత్రం తన మూడో చెంబు సంగతి గుర్తు చేసి పోయింది. అవ్వ కాళ్ళు ఒత్తుకుంటూ కూర్చుని, “రేపు పోయి మీ తాతకు చెప్పేసి వస్తా. ఇంక ఈడికి రాలేనని,” అంది. ఆ గొంతులో కోపం లేదు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. (పారేయలేదు లెండి, పొద్దున్నే మజ్జిగ పోసుకుని తిన్నాను.)

ఆ కొలను రాలేదు, ఆ గోడా లేవలేదు. ఇంజినీరు తన పటం తానే వెనక్కి తెప్పించుకున్నాడని, కారణం ఎవరికీ చెప్పలేదని నాయన ఆఫీసులో అనుకునేవారట. అవ్వ బతికినన్నాళ్ళూ అమావాస్య అమావాస్యకూ అక్కడే మునిగి, మా సంగతులన్నీ అక్కడికే మోసింది. తరవాత ఆ ఒడ్డున ఇసుక పోయి రాళ్ళు వచ్చాయి, రాళ్ళకు తోడు ఆలోచనలు వచ్చాయి. మొన్న మనవరాలు ఫోన్ తెచ్చి చూపించింది. ఊరి బీచ్‌లు, ఈతకొలనులు ముందుముందు ఎట్లా ఉండాలో జనం అభిప్రాయం చెప్పాలట. నన్నేమైనా చెప్పమంటావా అని అడిగింది. వాళ్ళు చూడడానికి ఏ రోజు వస్తారో ముందు కనుక్కో అన్నాను. దానికి అర్థం కాలేదు. నాకు మాత్రం ఇసుకలో నిలబడి పెద్దవాళ్ళకు చెంబుల లెక్క చెప్తున్న ఆ బక్కపిల్ల కనిపించింది. ఎంత ధీమా దానికి. ఇప్పుడు కొళాయి తిప్పితే కారే నీళ్ళను చూసి కోడళ్ళను కసురుకుంటాను గానీ, అంత ధీమాగా కసరడం చేతకావడం లేదు.

ఆ మరునాటి సంగతి చెప్పలేదు కదూ. అమావాస్య. తెల్లవారేసరికి ఒడ్డు పొడవునా జనం, నీళ్ళలో నిలబడడానికి చోటు లేదు. అవ్వ చెయ్యి పట్టుకుని నేను, వెనక నాయన. గొడుగు ముడిచి ఇసుకలో పడుకోబెట్టి ఉంది. కుర్చీని బంట్రోతు ఇంకా తీసుకుపోలేదు. ఆ కుర్చీ మీద చక్కగా మడతపెట్టిన ప్యాంటు, చొక్కా, వాటి మీద కళ్ళజోడు. ఇంజినీరు మోకాళ్ళ లోతు నీళ్ళలో పంచె కట్టుకుని, దోసిట్లో నువ్వులు పట్టుకుని, పోయిన తన తండ్రికి నీళ్ళు వదలడానికి చోటు వెతుక్కుంటున్నాడు. కళ్ళజోడు లేక మమ్మల్ని పోల్చుకోలేదు. నాయన గబుక్కున ముఖం తిప్పుకున్నాడు. అవ్వ ఒక్క నిమిషం ఆగి చూసింది.

“జరగండమ్మే,” అంది, “ఆయనకు కొంచెం తావియ్యండి.”

మేము జరిగాం.