దేవునికి పెట్టిన చింతగింజలు

మొన్న చిన్న మంగళారం ఊళ్లో ఒక ఫామ్‌హౌస్‌కు భోజనానికి పిలిస్తే వెళ్లాను. పిలిచినవాడు మా సొంతూరు ఆలూరువాడే, ఒకప్పుడు మా చర్చిలో సంఘపెద్దగా పెత్తనం చేసిన మనిషి కొడుకు. మట్టి మూకుళ్లలో ఏవేవో వడ్డించి, చివరికి ఆకుదొప్పలో చింతగింజల గుగ్గిళ్లు పెట్టాడు. "ఇది మన హెరిటేజ్ ఫుడ్ అక్కా, షుగర్‌కు మస్తు మంచిది" అన్నాడు. కరువులో గతిలేక తిన్నదాని మీద నాలుగు కొత్తిమీర రెబ్బలు చల్లితే హెరిటేజ్ అవుతుందని నాకు ఆ రోజే తెలిసింది. హైదరాబాదు నుంచి వచ్చిన అతిథులు ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు.

నాకు ఏడేళ్లప్పుడు, వానలు మొహం చాటేసిన సంవత్సరం, ఇంట్లో జొన్నలు అయిపోయాయి. మా నాయనమ్మను అవ్వ అనేవాళ్లం. ఆమె చింతగింజలు ఏరుకొచ్చి, మంగలం పెంకులో వేయించి, పొట్టు కొట్టి, రోజంతా నానబెట్టి ఉడికించేది. ఆ రుచి గురించి ఎవరైనా కవిత్వం చెబితే వాళ్లకు వారం రోజులు అదే పెట్టాలని నా కోరిక. ఎంత ఉడికినా దవడలు నొప్పి పుట్టేవి, కడుపు బిగుసుకుపోయేది.

మా సంఘంలో ఆడవాళ్లు వంటకు గింజలు తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవునికని పక్కన పెట్టి, ఆదివారం చర్చికి తీసుకెళ్లడం ఆనవాయితీ. అవ్వ ఆ కరువులోనూ మానలేదు, పిడికెడు చింతగింజలే తీసిపెట్టింది. ఆదివారం సంఘపెద్ద ఆ సంచి విప్పి చూసి, "గిది దేవునికి పెట్టేదేనా?" అన్నాడు.

"మేం తినేదే తెచ్చిన. ఇంకేం తేవాలె అయ్యా?" అంది అవ్వ.

ఆయన ఇంటి గాదెలో జొన్నలున్నాయి మరి, దేవుడి రుచులు ఆయనకు బాగా తెలుసు. సంచిని గుమ్మం బయట దులిపేసి చేతులు కడుక్కున్నాడు.

అవ్వ కింద కూర్చుని గింజలన్నీ ఏరింది. ఇంట్లో ఆ పూటకు ఇంకేమీ లేదు. నేను కొంగు పట్టుకుని, "ఇంటికి తీస్కపోదం అవ్వా, ఆకలైతున్నది" అన్నాను. "ఇచ్చినంక మనయి గావు బిడ్డా" అని, వాటిని చర్చి మెట్టు మీద కుప్పగా పోసి వచ్చింది. ఆ పూట నీళ్లు తాగి ఊరుకున్నాం. అప్పుడు నాకు అవ్వ మీద ఒళ్లు మండింది. ఆయన మీద ఇప్పటికీ మండుతూనే ఉంది.

"మా నాయిన గివే తిని పెరిగిండు" అని మొన్న ఫామ్‌హౌస్‌లో ఆయన కొడుకు అతిథులకు చెబుతున్నాడు. నేను నోరు తెరిచాను కూడా. తీరా "ఉప్పు సరిపోయింది తమ్మీ" అన్నాను. ఏడేళ్ల పిల్లనైతే అందరి ముందూ కడిగేసేదాన్ని. ఇన్నేళ్లు గడిచేసరికి నాకు మర్యాద వచ్చింది, మా అవ్వ తరఫున ఒక్క మాట మాట్లాడే దమ్ము పోయింది.